రాతి మీద మిగిలిన ప్రార్థన

(సండేస్కూలు పెద్దల తరగతికి, కుటుంబ ప్రార్థనలకు వేదపాఠము)

చదువవలసిన భాగములు: యెహోషువ 4:1-9, యోహాను 4:19-24, యోహాను 20:24-29



చెన్నైలో కాపురమున్న మన తెలుగువారికి పరంగిమలై తెలియని చోటు కాదు. గిండీ దాటి తాంబరం వైపు పోయే లోకల్ రైలు ఆగే స్టేషన్లలో ఆ పేరు గలది ఒకటున్నది. విమానాశ్రయమునకు దగ్గరలో సుమారు 300 అడుగుల ఎత్తున నిలిచిన ఆ చిన్న కొండను ఇంగ్లీషువారు సెయింట్ థామస్ మౌంట్ అన్నారు. పరంగివారు, అనగా పోర్చుగీసువారు, అక్కడ నివసించినందున తమిళులు దానిని పరంగిమలై అన్నారు. కొండ మీద ఒక పాత ప్రార్థనాలయమున్నది. యేసు శిష్యుడైన తోమా అక్కడనే హతసాక్షి అయ్యాడని నమ్మి, దేశము నలుమూలల నుండి యాత్రికులు ఆ మెట్లు ఎక్కుచుందురు.

మన యవ్వనస్థులు అడుగు ప్రశ్న ఒకటున్నది: "అది కథోలిక్కుల యాత్రాస్థలము గదా! బాప్తిస్టులమైన మనకు దానితో ఏమి పని?" ప్రశ్న మంచిదే. పుణ్యము కొరకు మనము కొండలు ఎక్కము. అయినను ఆ గుడిలో ఒక రాయి ఉన్నది. ఆ రాయి సొంత ఊరు విడిచి పరాయి దేశములో బ్రతికినవారిది. మనమును అటువంటివారమే. కనుక ఈ నెల ఆ రాయిని గూర్చి నేర్చుకొందము.

1. వాక్యము చెప్పునది

ముందుగా వాక్యము. తోమా అనగానే మనకు అనుమానమే జ్ఞాపకము వచ్చును. కాని యోహాను సువార్త ఆయనను మూడు మారులు మాటలాడనిచ్చినది. యూదయకు తిరిగి పోవుట ప్రాణాపాయమని తక్కిన శిష్యులు వెనుదీసినప్పుడు, ప్రభువుతో కూడ చనిపోవుటకైనను పోదము రమ్మని పిలిచినవాడు తోమాయే (11:16). ప్రభువు తాను వెళ్లు స్థలమును గూర్చి చెప్పినప్పుడు, మాకు త్రోవ తెలియదని దాచకుండ ఒప్పుకొన్నవాడును అతడే (14:5). గాయములు చూడక నమ్మనని పట్టుబట్టి, చూచిన తరువాత ప్రభువును దేవుడని ఒప్పుకొన్నవాడును అతడే (20:28). పిరికివాడు కాడు, వేషధారి కాడు.

అపొస్తలుల కార్యములు 1:13 తరువాత తోమా పేరు వేదములో కనబడదు. ఆయన ఇండియాకు వచ్చినట్లు వాక్యములో లేదు. ఈ సంగతి మొదటనే చెప్పుకొనుట న్యాయము.

2. సంప్రదాయము చెప్పునది

వాక్యము ఊరకుండినచోట సంప్రదాయము మాటలాడుచున్నది. సుమారు మూడవ శతాబ్దములో సురియాని భాషలో 'తోమా కార్యములు' అను గ్రంథము పుట్టినది. తోమా కట్టడపు పనివాడుగా ఇండియాకు వచ్చి గుండఫోరు అను రాజు నొద్ద చేరినట్లు అందులో ఉన్నది. అద్భుత కథలు, వింత బోధలు కలిసిన గ్రంథము గనుక సంఘము దానిని వేదములో చేర్చలేదు. అయితే ఆ రాజు కల్పిత పురుషుడు కాడు. వాయవ్య దిక్కున దొరికిన నాణెములు, ఒక శాసనము, ఆ పేరుగల రాజు మొదటి శతాబ్దములో ఏలినట్లు రుజువు చేసినవి.

కేరళ క్రైస్తవుల సంప్రదాయము వేరొక దారిలో నడుచును. తోమా క్రీ.శ. 52లో కొడుంగల్లూరు రేవులో దిగి, సంఘములు స్థాపించి, తరువాత తూర్పు తీరమునకు వచ్చి, 72లో ఈ కొండ మీద ఈటెపోటుకు మరణించాడని వారు తరతరాలుగా చెప్పుకొనుచున్నారు. దేహమును సముద్రపు ఒడ్డున మైలాపూరులో సమాధి చేశారందురు. ఇప్పుడు అక్కడ శాంతోమ్ దేవాలయమున్నది. ఆరవ శతాబ్దములో ఫ్రాన్సు దేశపు బిషప్పు గ్రెగరీ ఇండియాలోని తోమా సమాధిమందిరమును గూర్చి, దానిని చూచి వచ్చిన యాత్రికుని నోట విని వ్రాశాడు. 1292-93 ప్రాంతమున ఈ తీరమునకు వచ్చిన మార్కోపోలో, క్రైస్తవులును మహమ్మదీయులును కూడ ఆ సమాధికి యాత్ర చేయుచున్నారనియు, అక్కడి ఎర్రమట్టిని రోగులకు మందుగా తీసికొని పోవుచున్నారనియు వ్రాశాడు.

వీటినన్నిటిని మనమేమి చేయవలెను? వాక్యమును నమ్మవలెను, సంప్రదాయమును గౌరవించి తూచవలెను. పెద్దలు చెప్పిన మాటను వినకుండ త్రోసివేయుట గర్వము. తూచకుండ నెత్తికెత్తుకొనుట తెలివితక్కువ. తోమా కూడ తూచి చూచిన తరువాతనే నమ్మినాడు గదా!

3. కొండ మీది గుడి

1517లో పోర్చుగీసు వర్తకులు కొందరు మొదటిసారి మైలాపూరు చూడవచ్చారు. వారిని అక్కడికి తీసికొని వచ్చినవారు ఆర్మీనియా దేశపు వర్తకులు. ఆర్మీనియా క్రైస్తవులకు ఈ స్థలము అంతకుముందే తెలియును. ఆ రోజులలోనే ఈ తీరమును గూర్చి వ్రాసిన దువార్తె బర్బోసా అను పోర్చుగీసువాడు, సమాధిమందిరము సగము పాడైనదనియు, ఒక బీద మహమ్మదీయుడు భిక్షమెత్తి అక్కడ దీపము వెలిగించుచున్నాడనియు వ్రాశాడు. ఈ మాటను మనస్సులో ఉంచుకొనండి. మరల దీనికి వచ్చెదము.

1523 ప్రాంతమున పోర్చుగీసువారు మైలాపూరు మందిరమును త్రవ్వి బాగుచేసుకొన్నారు. 1547లో కొండ మీద గుడి కట్టుటకు పునాదులు త్రవ్వుచుండగా ఒక రాయి బయటపడినది. దాని మీద సిలువ చెక్కియున్నది. సిలువ కొనలు పూమొగ్గల వలె విచ్చుకొని ఉన్నవి. పైనుండి పావురము దిగివచ్చుచున్నది. అడుగున మెట్లు, ఆకులు. రెండు ప్రక్కల స్తంభములు, వాటి మీద కమాను. ఆ కమాను చుట్టు ఎవరికిని తెలియని అక్షరములు ఒక వరుసగా చెక్కియున్నవి. ఆ సిలువ మీద ప్రభువు దేహము లేదు. అది ఖాళీ సిలువ.

ఆ రాతినే బలిపీఠము వెనుక గోడలో నిలిపి గుడి కట్టారు. 1558 డిసెంబరు 18న పూజ జరుగుచుండగా రాతి మీద రక్తము వలె చెమ్మ కనబడినదనియు, అది మొదలు 1704 వరకు అనేక పర్యాయములు అట్లే జరిగినదనియు కథోలిక సంఘములో చెప్పుచున్నారు. ఈ పేరు ఎంత దూరము పోయినదనగా, 1986 ఫిబ్రవరిలో రెండవ జాన్‌పాల్ పోపుగారు కూడ ఈ కొండకు వచ్చారు.

రక్తము కార్చిన రాయి అని దానికి పేరు వచ్చినది. ఆ సంగతిని మేము వాదించము. మన విమోచన కొరకు కారిన రక్తము ఒక్కటే. అది రాతి నుండి కారలేదు. కాని ఆ రాతి మీది అక్షరములలో ఒక మనుష్యుని హృదయమున్నది. రక్తమును గూర్చి విన్నవారు వేలమంది. అక్షరములను గూర్చి అడిగినవారు తక్కువ.

4. అక్షరములు చెప్పిన మాట

ఆ అక్షరములను చదువుటకు పోర్చుగీసువారు ఒక బ్రాహ్మణ పండితుని పిలిపించారు. ఆయన ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క వాక్యము చొప్పున అర్థము చెప్పి, తోమా రాకను, మరణమును గూర్చిన పెద్ద కథగా వినిపించాడు. విన్నవారు తృప్తిపడ్డారు. వారు వినగోరినదే ఆయన చెప్పాడు! రాతి మీద ఉన్నది మాత్రము ఒక్క వరుస.

మూడు వందల ఏండ్లకు పైగా ఆ వరుస మూగదైయుండినది. 1873లో మద్రాసు సివిలు సర్వీసులో ఉద్యోగియైన ఆర్థర్ బర్నెల్ అను పండితుడు అవి పహ్లవీ అక్షరములని, అనగా పూర్వపు పారసీక భాష వ్రాతయని ప్రకటించాడు. ఆయన తరువాత అనేకులు దానిని చదువ ప్రయత్నించారు. 1920లలో వించ్‌వర్త్ అను పండితుడు చదివిన తరువాత దాని స్వరూపము తేటపడినది. అది చరిత్ర కాదు, సిద్ధాంతము కాదు, తోమా పేరు కూడ అందులో లేదు. అది ఒక చిన్న ప్రార్థన. ఒక మనుష్యుడు తన పేరును తండ్రి పేరును చెప్పుకొని, ఈ సిలువను నిలిపిన తన మీద జాలి చూపుమని ప్రభువైన క్రీస్తును వేడుకొనుచున్నాడు. అంతే. ఆయన పేరును కొందరు అఫ్రాస్ అనియు, ఇటీవలివారు సబ్రీషో అనియు చదివారు. తండ్రి పేరు చహర్‌బుఖ్త్. అక్షరముల తీరును బట్టి అది ఏడవ, తొమ్మిదవ శతాబ్దముల నడుమ చెక్కినదని పండితులలో ఎక్కువమంది అభిప్రాయము.

అటువంటి సిలువలు, అదే ప్రార్థనతో, కేరళలోను ఉన్నవి. కొట్టాయం పెద్దపళ్లిలో రెండు, కడమట్టంలో, ముట్టుచిరలో ఒక్కొక్కటి ఉన్నవి. గోవాలో 2001లో మరియొకటి దొరికినది.

ఎవరీ పారసీకులు? సముద్ర వర్తకము మీద వచ్చినవారు. సుమారు 550లో కోస్మాస్ అను యాత్రికుడు, మిరియాలు పండు మలబారు తీరములో క్రైస్తవులున్నారనియు, సింహళ ద్వీపములో పారసీక క్రైస్తవుల సంఘమున్నదనియు, దానికి బోధకుడు పారసీక దేశము నుండి నియమింపబడి వచ్చుననియు వ్రాశాడు. 849లో కొల్లములోని సంఘమునకు వేణాటి పాలకుడు ఇచ్చిన రాగి శాసనము నేటికిని ఉన్నది. దాని మీద సాక్షుల చేవ్రాళ్లు అరబ్బీ, పహ్లవీ, హెబ్రీ లిపులలో ఉన్నవి. అనగా వారు పొట్టకూటి కొరకు, బేరము కొరకు దూరదేశము వచ్చి, వచ్చినచోట సంఘము కట్టుకొని, స్థానిక పాలకుల మన్నన పొంది బ్రతికినవారు. ప్రార్థన మాత్రము తల్లిభాషలో చేసికొన్నారు.

కోలారు గనులలో దిగిన మన తాతలు వేరే ఏమి చేశారు? బళ్లారిలో, సోలాపూరులో, బరంపురములో, యానాములో, చెన్నైలో మనవారు వేరే ఏమి చేశారు? బ్రతుకుతెరువు కొరకు వచ్చారు. రెండు మూడు కుటుంబములు కూడి తెలుగులో కీర్తన పాడుకొన్నారు. తరువాత రేకుల షెడ్డో, రాతి గుడియో కట్టారు. శంకుస్థాపన రాతి మీద తెలుగులో పేర్లు చెక్కించారు. చహర్‌బుఖ్త్ కుమారుడు మనకు వరుసకు అన్న అగును.

5. దీపము ఎవరు వెలిగించారు?

ఇప్పుడు బర్బోసా మాటకు మరల వత్తము. పోర్చుగీసువారు వచ్చు నాటికి మైలాపూరు మందిరములో దీపము పెట్టుటకు ఆ సంఘపు బిడ్డ ఒకడును లేడు. ఒక మహమ్మదీయ సహోదరుడు ఆ పని చేయుచుండెను. ఆయన భక్తిని మనము మెచ్చుకొనవలసినదే. కాని ఆలోచించండి: కొండ ఉన్నది, సమాధి ఉన్నది, సిలువ రాయి మట్టిలో చెక్కుచెదరక ఉన్నది. సంఘము లేదు. రాతి మీది ప్రార్థన నిలిచినది. దానిని చదువగల నోరు నిలువలేదు.

అదే ప్రార్థన గల కేరళ సంగతి చూడండి. అక్కడ కూడ నేడు ఎవరును పహ్లవీ చదువలేరు. అయినను కొట్టాయం పెద్దపళ్లిలో ఆ సిలువ చుట్టు సంఘము కూడుచునే ఉన్నది. అక్కడి సంఘములో ఆరాధన భాష మారినది. సురియాని ఆరాధన చాలా కాలము నడచినది. 1811లో నాలుగు సువార్తలు మలయాళములో అచ్చుపడినవి. నేడు వారి పిల్లలు మలయాళములో ప్రార్థించుచున్నారు. లిపి పోయినది, ప్రార్థన పోలేదు. ఒకచోట రాయి మాత్రమే మిగిలినది. వేరొకచోట రాయియు సంఘమును మిగిలినవి. ఈ తేడాను మనము గుర్తించవలెను.

యొర్దాను నడుమ నుండి తెచ్చిన పన్నెండు రాళ్లను యెహోషువ ఎందుకు నిలిపించాడు? రాళ్లకు మ్రొక్కుటకు కాదు. పిల్లలు చూచి అడుగుటకు, తండ్రులు చెప్పుటకు (యెహోషువ 4:6-7). అడుగు పిల్లవాడు, చెప్పు తండ్రి లేనిచోట అవి ఒట్టి రాళ్లే. యెహోషువ తరము గతించిన తరువాత ప్రభువును, ఆయన కార్యములను ఎరుగని తరము పుట్టినదని న్యాయాధిపతులు 2:10లో చదువుచున్నాము. రాళ్లు గిల్గాలులోనే ఉన్నవి గదా!

6. మెట్లు కట్టినవాడు

కొండ ఎక్కు మెట్లను గూర్చి కూడ ఒక మాట. ఆ రాతి మెట్లు కట్టించినవాడు కోజా పెత్రుస్ ఉస్కాన్ అను ఆర్మీనియా వర్తకుడు. ఆయనయు ఈ ఊరివాడు కాడు. యాత్రికులకు మెట్లు కట్టించుటయే గాక, 1726లో సైదాపేట యొద్ద అడయారు నది మీద తన సొమ్ముతో వంతెన కట్టించాడు. దాని మీద క్రైస్తవుడని, హిందువని, మహమ్మదీయుడని లేక అందరును నడిచారు. ఆ పాత వంతెన స్థానములో తరువాత క్రొత్తది వచ్చినను, ఆయన వేయించిన శిలాఫలకము ఆ చోటనే నిలిచియున్నది.

చెరపట్టబడి పోయిన పట్టణము యొక్క క్షేమము కోరుమని యిర్మీయా ప్రజలకు వ్రాసి పంపిన మాటను (29:7) ఈయన చేసి చూపించాడు. పరదేశిగా వచ్చిన విశ్వాసి తన గుడి ఒక్కటే కట్టుకొనకూడదు. ఊరికి వంతెన కూడ కట్టవలెను. మన సంఘములు ఉన్న ఊళ్లకు మనము చేసినదేమని ప్రశ్నించుకొందము.

7. మనకును ఒక కొండ ఉన్నది

"యాత్రాస్థలములు వారికి, మనకు లేవు" అనుకొనుట సరి కాదు. 1854 జనవరి 1న, ఇంకను తెల్లవారకముందు, ఒంగోలు ప్రక్కనున్న కొండ మీద ఐదుగురు మోకరించారు. లైమన్ జూయెట్ దొరగారు, వారి భార్యగారు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. తెలుగు మిషనును మూసివేయుదమా అని అమెరికాలో తర్జనభర్జనలు జరిగిన రోజులవి. ఒంగోలుకు ఒక దైవసేవకుని పంపుమని ఆ ఐదుగురు అడిగారు. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘము ఏర్పడినది. ప్రార్థనకు జవాబు రావడానికి పన్నెండేండ్లు పట్టినది.

తరువాత 1876-78 కరవు వచ్చినది. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగము త్రవ్వించు పనిని తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించారు. ఆ కాలువయే దక్షిణమునకు సాగి మైలాపూరు ప్రక్కగా పోవుచున్నది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. సురియాని సంఘములు పూర్వము నుండి తోమాను జ్ఞాపకము చేసికొను దినమును జూలై 3యే. తేదీలు కలియుటలో మహత్తు ఏమియు లేదు. కాని ఒక ఉపయోగమున్నది: ప్రతి సంవత్సరము ఆ దినమున రెండు సంగతులను కలిపి పిల్లలకు చెప్పవచ్చును.

ఆ ప్రార్థన కొండను మనమెంతో ప్రేమించుచున్నాము. ఆ పేరు వింటే మన పెద్దల కండ్లు చెమర్చును. తప్పు లేదు. అయితే ఆ కొండ మీద చేసిన ప్రార్థన వేరొకచోట చేసినదాని కంటె త్వరగా వినబడునని అనుకొన్న దినమున, ఇతరులలో మనము తప్పుపట్టినదే మనయందును ఉండును. మోషే చేసిన ఇత్తడి సర్పము దేవుని ఆజ్ఞ చొప్పున చేసినదే. జనులు దానికి ధూపము వేయగా హిజ్కియా దానిని పగులగొట్టవలసి వచ్చినది (2 రాజులు 18:4). ఈ కొండయా యెరూషలేమా అని అడిగిన సమరయ స్త్రీకి ప్రభువు ఇచ్చిన జవాబు పరంగిమలైకి చెల్లును, ఒంగోలుకును చెల్లును. తండ్రి స్థలమును కాదు, ఆరాధించువారిని వెదకుచున్నాడు.

8. మన రాళ్లను ఎవరు చదువుదురు?

ఇక మన సంగతి. ఈమధ్య ఒక సంఘపు సమాధుల తోటకు మేము పోయినప్పుడు, ఒక యవ్వనస్థుడు తన ముత్తవ్వ సమాధి రాతిని కడిగి, దాని ముందు నిలుచుండి, "అయ్యగారూ, ఇందులో ఏమి వ్రాసి ఉన్నది?" అని అడిగాడు. తెలుగు మాటలాడును, తెలుగు కీర్తన రాగముతో పాడును, చదువ రాదు. ఆమె పేరు, ఊరి పేరు, దాని క్రింద ప్రభువునందు నిద్రించినదను మాట అతనికి చదివి చెప్పాము. అతడు ఆ మాటలను తన భాషలో, అనగా బడిలో నేర్చుకొన్న అక్షరములలో, కాగితము మీద వ్రాసికొన్నాడు. ఆ ముత్తవ్వ చనిపోయి వెయ్యేండ్లు కాలేదు. అరవై ఏండ్లు కూడ కాలేదు. పహ్లవీకి పట్టిన గతి తెలుగుకు పట్టుటకు మన కుటుంబములలో మూడు తరములు చాలినవి!

మన సంఘములలో దీనిని గూర్చి రెండు పక్షములున్నవి. తెలుగు పోతే సంఘము పోయినట్లేనని పెద్దలందురు. తమకు అర్థమైన భాషలో చెప్పనియెడల వచ్చి కూర్చుండుట ఎందుకని పిల్లలందురు. కమిటీ మీటింగులలో ఈ మాట మీద మనస్తాపములు కలిగినవి; కొన్ని కుటుంబములు వేరే సంఘములకు పోయినవి. రెండు పక్షములవారును ఈ రాతిని చూడవలెనని మా మనవి.

పెద్దలారా, రాతి మీది భాషను కాపాడి బిడ్డ హృదయమును పోగొట్టుకొంటే, మిగులునది మైలాపూరు. పిల్లలారా, అమ్మమ్మ రాతిని చదువ తెలియకపోతే, ఎవరో ఒకరు వచ్చి తమకు తోచిన కథ అల్లి చెప్పుదురు, మీరు నమ్ముదురు. ఆనాటి పోర్చుగీసువారు అట్లే నమ్మారు. తెలుగు అక్షరములు నేర్చుకొనుట రక్షణ కాదు, అది కృతజ్ఞత. బిడ్డ భాషలో సువార్త చెప్పుట ఓటమి కాదు, అది ప్రేమ. రెండును చేయవచ్చును, రెండును చేయవలెను.

కనుక ప్రతి సంఘము ఈ నాలుగు పనులు ఆరంభించవలెనని కోరుచున్నాము.

(అ) సండేస్కూలు తరువాత అరగంట తెలుగు అక్షరములు. ఓపిక గల ఒక అవ్వ, ఒక పలక చాలును. ఆరు నెలలలో పిల్లవాడు కీర్తన సంఖ్య వెదకి చదువగలడు.

(ఆ) నెలకొక ఆదివారము యవ్వనస్థులు ఎరిగిన భాషలో వాక్యము. ఆనాడు పెద్దలు ముందు వరుసలో కూర్చుండవలెను.

(ఇ) సంఘపు పాత రిజిస్టర్లు, శంకుస్థాపన రాళ్లు, సమాధి రాళ్లు చదివి, తెలుగులోను, ఆ రాష్ట్రపు భాషలోను వ్రాసి పెట్టుట. వ్రాయు పని యవ్వనస్థులది, చదివి చెప్పు పని పెద్దలది.

(ఈ) ప్రతి ఇంటిలో ఒక సాయంకాలము. మన కుటుంబము ఏ ఊరి నుండి, ఎందుకు, ఎవరి ద్వారా ప్రభువు నొద్దకు వచ్చినదో పిల్లలకు చెప్పుట. తెలియకపోతే తెలిసిన బంధువును అడిగి చెప్పుట.

ముగింపు

మేము ఆ కొండ ఎక్కి, గుడిలో బలిపీఠము వెనుకనున్న ఆ రాతి ముందు కొంతసేపు నిలిచాము. దానికి మ్రొక్కలేదు. చహర్‌బుఖ్త్ కుమారుడు పన్నెండు వందల ఏండ్ల క్రిందట అడిగిన దానినే మేమును తెలుగులో అడిగాము: ప్రభువా, మా మీద జాలి చూపుము. ఆ మాటకు మాత్రము పండితుని అవసరము లేకపోయినది. వెలుపల విమానము దిగుచున్నది. ఒక తమిళ కుటుంబము, ఒక మలయాళ కుటుంబము తమ తమ భాషలలో ప్రార్థించుకొనుచున్నారు.

విశ్వాసులు ఈ భూమి మీద పరదేశులును యాత్రికులునై యున్నారని హెబ్రీ పత్రిక (11:13) నేర్పుచున్నది. ఆ లెక్కన మనమందరము వలస వచ్చినవారమే. రాయి చెక్కించుట సులభము, డబ్బుంటే చాలును. చదువు బిడ్డను పెంచుట కష్టము. దానికి జీవితము కావలెను. ప్రభువు మనకు ఆ కృప దయచేయును గాక.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. వాక్యమునకు, సంప్రదాయమునకు గల తేడా ఏమి? తోమా విషయములో దానిని వివరించండి.

2. యెహోషువ నిలిపించిన రాళ్లకు, హిజ్కియా పగులగొట్టిన ఇత్తడి సర్పమునకు గల తేడా ఏమి? మన సంఘములో ఏ వస్తువు, ఏ స్థలము, ఏ ఆచారము రెండవదానిగా మారు ప్రమాదమున్నది?

3. మీ ఇంటిలో తెలుగు వేదమును చదువగలవారు ఎందరు? చదువలేనివారికి ఎవరు నేర్పుదురు? ఎప్పుడు ఆరంభింతురు?

4. మీరు నివసించు ఊరికి మీ సంఘము కట్టిన 'వంతెన' ఏది?

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మా తాతలను పరాయి ఊళ్లలో కాపాడినవాడా, వారు నిన్ను పిలిచిన మాటలు మా పిల్లల నోట ఆరిపోకుండ చేయుము. మా భాష కొరకు మా బిడ్డలను, మా సౌఖ్యము కొరకు మా భాషను పోగొట్టుకొనకుండ మాకు జ్ఞానము దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.